పగిలిన ముక్క దొరికిందా?

బండి బాగుసేత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (రణస్థలం నుంచి): హైవే పక్క రోడ్డు మీద ఇసుకలో బండి జారి కుడివైపు పడిపోయింది. 125 సీసీ బండి, నాలుగేళ్లది. బ్రేకు పెడలు లోపలికి వంగి క్లచ్ కవరుని గుచ్చేసింది. రూపాయి బిళ్లంత కన్నం పడి ఆయిలంతా కారిపోయింది. కవరు, ప్యాకింగు కొనుక్కుంటే ఇంటి దగ్గరే మార్చుకోగలమా? ఏయే సామాన్లు కావాలి?

జవాబు: మార్చుకోవచ్చు. పానా పట్టడం అలవాటున్నవాళ్లకి ఒక పూట పని. అయితే స్పేర్ల కొట్టుకి వెళ్లే ముందు పగిలిన ముక్కల సంగతి తేల్చండి. పడిన చోట దొరికినవి, కన్నం అంచున వేలాడేవి, కవరు విప్పాక లోపల కనిపించేవి అన్నీ ఏరి పాత కవరు కన్నంలో పేర్చి చూడండి. కన్నం పూర్తిగా పూడితే సరే. గోరంత ఖాళీ మిగిలినా ఆ ముక్క ఇంజిన్లోనే ఉందని లెక్క. పెడలు బయటి నుంచి గుచ్చింది కదా, ముక్కలు పోయేది లోపలికే.

కవరు అల్యూమినియం పోత. అయస్కాంతానికి అంటదు. పుల్లకి అయస్కాంతం కట్టి కెలకడం, డ్రెయిన్ బోల్టుకి (అడుగున ఆయిల్ దించే బోల్టుకి) అయస్కాంతం ఉందని ధీమాగా ఉండడం రెండూ దండగే. టార్చి వేసి కంటితో వెతకాలి. క్లచ్ బుట్ట కింద, ఆయిల్ పంపు పక్కన, కిక్ గేరు వెనక చూడండి. మిగిలిపోయిన ముక్క క్లచ్ గేరు పళ్ల మధ్య పడితే పళ్లు ఎగిరిపోతాయి. నలిగి పొడైతే ఆయిల్‌ని వడకట్టే పంపు జాలీని మూసేస్తుంది, కనెక్టింగ్ రాడ్డుకీ హెడ్డుకీ ఆయిల్ అందదు. కవరు పగలడం చిన్న నష్టం. ఇలా పడిన బండి ఇంజిన్ బోరుకి (సిలిండరు మళ్లీ తొలిపించడానికి) రావడానికి కారణం చాలాసార్లు లోపల మిగిలిన ముక్కో, ఆయిల్ లేకుండా "ఒక్కసారి కొట్టి చూద్దాం" అనుకోవడమో. కాబట్టి పని అయ్యేదాకా సెల్ఫూ కొట్టొద్దు, కిక్కూ కొట్టొద్దు. బండిని తోసుకునో, ఆటోలో వేసుకునో తీసుకెళ్లండి.

పెడలు కవరునే గుచ్చిందా, దాని వెనకున్న క్రాంక్ కేసుని (ఇంజిన్ అసలు ఒంటిని) కూడా తాకిందా చూసుకోండి. కవరు కూర్చునే అంచులో, అంటే ప్యాకింగు ఆనే చదును మీద, వెంట్రుకంత పగులున్నా కొత్త కవరు వేసి లాభం లేదు, ఆయిల్ కారుతూనే ఉంటుంది. ఇంజిన్ నంబరు క్రాంక్ కేసు మీదే ఉంటుంది. దాన్ని మార్చాల్సి వస్తే ఆర్టీఓ దగ్గర కాగితాల పని కూడా తగులుతుంది. అలాంటి పగులు కనిపిస్తే ఇంటి దగ్గర పని ఆపేసి షెడ్డుకి పంపండి.

కొనాల్సినవి: కవరు, దాని ప్యాకింగు, కిక్ షాఫ్టు ఆయిల్ సీలు, డ్రెయిన్ బోల్టు వాచరు, ఆయిల్. 100 నుంచి 150 సీసీ బళ్లలో చాలావాటికి ఆయిల్ లీటరుకి కాస్త అటూ ఇటూగా పడుతుంది. కచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందులో డ్రెయిన్ చేసి పోసేటప్పటి లెక్క వేరు, ఇంజిన్ మొత్తం విప్పినప్పటి లెక్క వేరు. మీకు కావాల్సింది మొదటిది. డబ్బా మీద జాసో (బళ్ల ఆయిల్‌కి జపాను ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. క్లచ్ పళ్లేలు అదే ఆయిల్లో మునిగి తిరుగుతాయి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. కొట్టుకి ఆర్.సి. తీసుకెళ్లి చాసిస్ నంబరుతో పార్టు నంబరు చూపించుకోండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) వచ్చింది. ఆ తేదీకి ముందు బండికీ తర్వాత బండికీ పేరొకటే అయినా కవర్లు ఒకటి కాకపోవచ్చు.

పనిముట్లలో కవరు బోల్టులకి 8, 10 నంబర్ల టీ పానాలు, 5 నంబరు ఎల్ కీ, డ్రెయిన్ బోల్టుకీ ఫుట్ రెస్టుకీ వాటి సైజు పానాలు, రబ్బరు సుత్తి, వెడల్పాటి తట్ట, నూలు గుడ్డలు కావాలి. టార్కు పానా (బిగువు కొలిచి బిగించేది) ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.

బండిని డబుల్ స్టాండు మీద నిలబెట్టి, మిగిలిన ఆయిల్ తట్టలోకి దించి, గుడ్డలో వడకట్టండి. మెరిసే పొడి ఎంత వచ్చిందో అక్కడే తెలుస్తుంది. ఫుట్ రెస్టు, బ్రేకు పెడలు, కిక్ రాడ్డు, అడ్డొస్తే సైలెన్సరు ఊడదీయండి. క్లచ్ చెయ్యి (క్లచ్ కేబులు లాగే చిన్న లివరు) ఈ కవరుకే ఉంటే కేబులు వదులు చేసి తప్పించండి.

ఇక కవరు బోల్టులు. ఇవన్నీ ఒక పొడవు ఉండవు. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే కన్నం పెట్టి గుచ్చుకుంటూ పోండి. పొడవు బోల్టు పొట్టి కన్నంలో బిగిస్తే అడుగు తగిలి ఆగిపోతుంది. మీరు బిగిసిందనుకుంటారు, కవరు వదులుగానే ఉంటుంది. ఇంకా గట్టిగా తిప్పితే క్రాంక్ కేసే చిట్లుతుంది. పొట్టి బోల్టు పొడవు కన్నంలో పెడితే నాలుగు మరల మీదే భారమంతా పడి మర పోతుంది.

బోల్టులన్నీ తీశాక కవరు ఊడిరాదు, ప్యాకింగు పట్టి ఉంచుతుంది. చుట్టూ రబ్బరు సుత్తితో తట్టండి. సందులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే ఇంజిన్ అంచు మీద గీత పడుతుంది, ఆ గీత వెంట ఆయిల్ కారుతుంది. వాడిన బళ్లలో కవరు అంచుకి ఆయిల్ చెమ్మ ఉందంటే చాలాసార్లు ఈ గీతే కారణం. కవరు కదిలాక ఒక చేత్తో కిక్ షాఫ్టుని లోపలికి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కవరుని తిన్నగా లాగండి. షాఫ్టు కూడా వచ్చేస్తే దాని స్ప్రింగు తిరిగిపోతుంది, మళ్లీ ఎక్కించడం కొత్తవాళ్లకి తలనొప్పే.

పాత కవరుని అప్పుడే పారెయ్యకండి. కిక్ షాఫ్టు చివర ఉండాల్సిన పల్చటి వాచరు ఆయిల్ జిగురుకి కవరు లోపలివైపు అతుక్కుని వచ్చేస్తుంది. నల్లటి ఆయిల్లో కంటికి ఆనదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది. కవరుని సరైన చోట నిలిపే రెండు బోలు పిన్నులు కూడా ఒకటి ఇంజిన్లో, ఒకటి కవరులో ఉండిపోతాయి. కొత్త కవరు చాలాసార్లు ఉత్తదే వస్తుంది. ఆయిల్ అద్దం, క్లచ్ చెయ్యి, దాని స్ప్రింగు, పిన్నులు అన్నీ పాతదాన్నుంచి మార్చుకోవాలి. కొన్ని బళ్లలో కవరు లోపలే సన్నటి ఆయిల్ దారి ఉంటుంది, క్రాంకు చివరికి ఆయిల్ అక్కణ్ణుంచే పోతుంది. ఆ చోట ఒక చిన్న సీలో, ఓ-రింగో, స్ప్రింగు మీద ఆడే చిన్న గొట్టమో ఉంటుంది. అది పెట్టడం మరిచినా, సీలు పెదవి మడతపడినా బయటికి చుక్క కూడా కారదు, బండి శుభ్రంగా స్టార్టవుతుంది, కొద్ది రోజుల్లో బిగ్ ఎండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్డు క్రాంకుని పట్టే చోటి బేరింగు) పోతుంది. పాత కవరునీ కొత్త కవరునీ పక్కపక్కన బోర్లించి ప్రతి కన్నాన్నీ పోల్చుకోండి.

ఇంజిన్ అంచు మీద పాత ప్యాకింగు ముక్కలు గీకడానికి ప్లాస్టిక్కు గీకుడుబిళ్లో, పడుకోబెట్టి పట్టిన బ్లేడో వాడండి. గీకే ముందు లోపల గుడ్డ కుక్కండి. పంపు జాలీ విప్పే వీలుంటే ఇప్పుడే తీసి కడగండి. డీజిలు పోసి కడగడం మన షెడ్లలో అలవాటే. కడగండి, కానీ డీజిలుతో ఇంజిన్ తిప్పకండి. కడిగాక పావు లీటరు చవక ఆయిల్ పోసి దించితే మిగిలిన డీజిలు కూడా పోతుంది.

కొత్త సీలుని కవరులోకి తిన్నగా కొట్టి, పెదవికి గ్రీజు రాయండి. కిక్ షాఫ్టు పళ్ల మీద పల్చటి టేపు చుట్టి కవరు ఎక్కిస్తే పళ్లు సీలుని కొయ్యవు. ప్యాకింగు కొత్తది, అంచు చదునుగా ఉందంటే పేస్టు అక్కర్లేదు. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబుకుతుంది. అది తెగి జాలీకి చుట్టుకుంటుంది. అల్యూమినియం ముక్క తీసి రబ్బరు ముక్క పెట్టినట్టే.

కవరు చేత్తో నొక్కితే అంచుకి అంచు ఆనాలి. రెండు మూడు మిల్లీమీటర్ల సందు మిగిలితే బోల్టులతో లాగకండి. పిన్ను పక్కకి వాలిందో, గేరు పళ్లు కలవలేదో, క్లచ్ చెయ్యి అడ్డు తగిలిందో చూడండి. చాలామంది కొత్త కవరు పగలగొట్టుకునేది ఇక్కడే. సరిగ్గా కూర్చున్నాక బోల్టులు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. ఈ 6 ఎంఎం బోల్టులకి 10 న్యూటన్ మీటర్ల బిగువు, మెకానిక్కుల లెక్కలో 1 కిలో, సరిపోతుంది. టార్కు పానా లేకపోతే పొట్టి పానా పట్టుకుని మణికట్టు బలంతో ఆపండి. భుజం బలం పెట్టొద్దు.

ఆయిల్ పోశాక ఇగ్నిషన్ ఆపి ఉంచి పదిహేనుసార్లు కిక్ కొట్టండి. పంపు నిండుతుంది. అప్పుడు స్టార్టు చేసి రెండు మూడు నిమిషాలు స్లోలో వదిలి, ఆపి, కాసేపాగి, బండి నిటారుగా ఉంచి లెవెలు చూడండి. క్లచ్ లివరు చివర 10 నుంచి 20 మి.మీ. ఆట ఉండాలి. వెనక టైరు మీద ఆయిల్ పడి ఉంటుంది, అంట్ల సబ్బుతో రెండుసార్లు రుద్ది కడగకుండా రోడ్డెక్కొద్దు. మళ్లీ ఆయిల్ మార్చడానికి మామూలు గడువు చూడకండి. 300 నుంచి 500 కిలోమీటర్లకే దించి వడకట్టండి. వంగిన పెడలుని సరిచేసినప్పుడు కవరుకీ దానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంచండి.

ప్రశ్న (కళింగపట్నం నుంచి): కవరు మార్చుదామని కూర్చుంటే బోల్టులు తుప్పుపట్టి కదలడం లేదు. ఒకటి తల తెగిపోయింది. ఇంకొకటి స్టారు గాడి అరిగిపోయింది. ఏం చెయ్యాలి?

జవాబు: ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇది తప్పదు. ఉక్కు బోల్టు, అల్యూమినియం కన్నం, మధ్య ఉప్పు చెమ్మ: తెల్లటి పొడి పుట్టి మరలు కరుచుకుపోతాయి. మిగిలినవాటిని ఇక బలవంతంగా తిప్పొద్దు. తుప్పు వదిలించే నూనె రాత్రి కొట్టి తెల్లారి చూడండి. అప్పటికీ కదలకపోతే హీట్ గన్నుతో బోల్టు చుట్టూ కవరుని వేడి చెయ్యండి. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, పట్టు వదులుతుంది. పెట్రోలు ట్యాంకు పైనే ఉంటుంది కాబట్టి మంట మాత్రం పెట్టొద్దు.

స్టారు స్క్రూలకి సుత్తితో కొట్టే ఇంపాక్టు స్క్రూడ్రైవరు వాడాలి. కొట్టిన దెబ్బకి నొక్కూ తిప్పూ ఒకేసారి పడతాయి, గాడి అరగదు. జపాను పద్ధతి స్క్రూలకి మామూలు స్టారు బిట్టు పూర్తిగా కూర్చోదు, గాడి అరగడానికి సగం కారణం అదే. అరిగిపోయినదాని తల డ్రిల్లుతో ఎగరగొట్టెయ్యండి. కవరు ఊడాక మొండెం పైకి కనిపిస్తుంది. బిగువు పోయి ఉంటుంది కాబట్టి లాక్ ప్లయరుతో పట్టి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. తల తెగినదానికీ ఇదే దారి.

మొండెం అంచుకి సమానంగా తెగిపోతే మాత్రం లేతు షాపుకి తీసుకెళ్లండి. సన్నటి ఎక్స్‌ట్రాక్టరు లోపల విరిగితే అది గట్టి ఉక్కు, డ్రిల్లుకి లొంగదు. మర పోయిన చోట హెలికాయిల్ వేయించుకోండి: 6.3 మి.మీ. డ్రిల్లు, దాని సొంత ట్యాపు, తీగచుట్ట. పాత అల్యూమినియం మర కంటే గట్టిగా నిలుస్తుంది. 7 ఎంఎం, 8 ఎంఎం బోల్టుకి కన్నం పెద్దది చేద్దామంటే ఒప్పుకోవద్దు, చుట్టూ గోడ పల్చబడి చీలుతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు మరలకి చిటికెడు రాగి గ్రీజు రాయండి. గ్రీజున్న బోల్టు తేలిగ్గా తిరిగి ఎక్కువ బిగుసుకుంటుంది, బిగువు కాస్త తగ్గించండి.

ప్రశ్న (బొబ్బిలి నుంచి): ఎడమవైపు మాగ్నెట్ కవరు (కరెంటు పుట్టించే భాగాన్ని మూసేది) మీద సన్నటి పగులు. ఎం-సీల్ పెట్టేస్తే సరిపోతుందని ఒకరు, ఆర్గాన్ వెల్డింగు చేయించమని ఒకరు అంటున్నారు.

జవాబు: ఎం-సీల్ కవరు దొరికేదాకా బండి నడవడానికే. అది కూడా ఆయిల్ దించి, పగులు చుట్టూ గరుకు కాగితంతో తోమి, పెట్రోలుతో రెండుసార్లు తుడిచి, పూర్తిగా ఆరాక పెడితేనే. జిడ్డు మీద పెట్టింది వేడెక్కగానే పెంకులా ఊడుతుంది. పగులు బయటి ఒంటి మీదే ఉంటే సరే. బోల్టు కన్నం దాకా, అంచు దాకా పాకితే ఎం-సీల్ ఆగదు.

ఆర్గాన్ వెల్డింగు బాగానే నిలుస్తుంది, చేసేవాడి చెయ్యి బాగుంటే. విశాఖలో గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లేవాళ్లు అక్కడ అడగొచ్చు. కాకపోతే పోత లోహం సూక్ష్మ రంధ్రాల్లో ఆయిల్ పీల్చుకుని ఉంటుంది, వేడికి బుడగలు వచ్చి వెల్డు గుల్లవుతుంది. అంచు కూడా వంకరపోతుంది. వెల్డు చేయించాక మందపాటి అద్దం మీద 400 నంబరు గరుకు కాగితం పరిచి, కవరు అంచుని దాని మీద గుండ్రంగా రుద్దండి. అంచంతా ఒకేలా మెరిస్తే చదును. నల్లగా మిగిలిన చోటు పల్లం. మామూలు బండి కవరు కొట్లో దొరుకుతుంటే వెల్డింగు దండగని నా అభిప్రాయం. దొరకని పాత మోడళ్లకైతే అదే దిక్కు.

ప్రశ్న (చీపురుపల్లి నుంచి): ఎడమవైపు కవరు మార్పించాక సెల్ఫ్ కొడితే గరగరమంటోంది. బ్యాటరీ కూడా చార్జి అవ్వడం లేదు. కవరు మంచిది కాదా?

జవాబు: కవరు తప్పు కాదు, బిగింపు తప్పు. సెల్ఫ్ మోటారుకీ మాగ్నెట్టుకీ మధ్య చిన్న గేరు ఒకటి ఉంటుంది. కవరు లాగగానే దాని ఇరుసు, వాచర్లు జారి పడతాయి. వాచరు లేకుండానో, తిరగేసో పెడితే గరగరలాడుతుంది. ఆలస్యం చేస్తే పళ్లు పోతాయి, వెంటనే విప్పించండి.

చార్జింగు మాటకొస్తే, చాలా బళ్లలో కాయిల్ (కరెంటు పుట్టే తీగచుట్ట) కవరు లోపలే బిగించి ఉంటుంది. మాగ్నెట్టు కవరుని దబ్బున లాక్కుంటుంది, వేళ్లు నలుగుతాయి, ఆ తొందరలో వైరు అంచు కింద పడి నలుగుతుంది. మీటరుతో చూపించండి. ఇంజిన్ 4000 ఆర్పీఎం దగ్గర బ్యాటరీ మీద సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. రాకపోతే కాయిల్ సాకెట్టు విప్పి చూడాలి. మూడు పసుపు వైర్లున్న బండైతే ఏ రెండింటి మధ్యైనా ఒకేలా, ఒక ఓమ్‌కి అటూ ఇటూగా చూపాలి. ఏ వైరుకీ బాడీకీ మధ్య కనెక్షన్ ఉండకూడదు. ఉందంటే వైరు నలిగింది. వైరు బయటికొచ్చే రబ్బరు బిరడా చుట్టూ మాత్రం కొంచెం సిలికాన్ పేస్టు పెట్టాలి, అది అవసరమైన చోటే.

ప్రశ్న (రాజాం నుంచి): ఇన్సూరెన్సు ఉంది. కవరుకి క్లెయిము చెయ్యొచ్చా? చేస్తే బోనస్ పోతుందంటున్నారు.

జవాబు: థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండికి పైసా రాదు. ఓన్ డ్యామేజీ (సొంత బండి నష్టానికి బీమా) ఉంటే వస్తుంది, లోహపు భాగాలకి వయసుని బట్టి కోత ఉంటుంది: రెండు నుంచి మూడేళ్ల బండికి 15 శాతం, మూడు నుంచి నాలుగుకి 25, నాలుగు నుంచి ఐదుకి 35, ఐదు నుంచి పదికి 40. రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలకి 50. జీరో డిప్ తీసుకుని ఉంటే ఈ కోత ఉండదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చెయ్యని ఏళ్లకి ఇచ్చేది) తగ్గింపు ఓన్ డ్యామేజీ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద కాదు. మీ పాలసీలో ఆ ప్రీమియం ఎంతో చూడండి. ఉదాహరణకి అది 1000 రూపాయలై, మీ బోనస్ 35 శాతమైతే, వచ్చే ఏడాది పోయేది 350. తర్వాతి ఏళ్లలో బోనస్ మళ్లీ 20 నుంచి మొదలవుతుంది, అదీ కలుపుకోండి. ఒక్క కవరుకైతే సొంత డబ్బే మేలు కావచ్చు. ఫోర్కు, హెడ్‌లైటు, ట్యాంకు కూడా పోతే క్లెయిమే. క్లెయిము చేసేటట్టయితే ఇన్సూరెన్సు సర్వేయరు చూడకముందు ఏదీ విప్పొద్దు. ఆయిల్ కారుతుండగా నడిపి ఇంజిన్ పట్టేస్తే ఆ అదనపు నష్టం కంపెనీ భరించదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది.

ప్రశ్న (పలాస నుంచి): మా గుంటడు బండి పడగొట్టేసినాడు. కొట్లో సగం ధరకే కవరు ఉందంటన్నారు. కొనమంటారా?

జవాబు: కొట్లోనే పరీక్ష చేసి కొనండి. పాత కవరు వెంట తీసుకెళ్లండి. కౌంటరు అద్దం మీద కొత్తదాని అంచు ఆనించి ఒక మూల నొక్కండి. టకటక ఊగితే వదిలెయ్యండి. కొత్త ప్యాకింగు దాని మీద పెడితే కన్నాలన్నీ కలవాలి. మీ బండి కిక్ రాడ్డు షాఫ్టు దూరే కన్నం అంచుని వేలితో తడిమి చూడండి, గరుకుంటే సీలు నిలవదు. లోపలి ఆయిల్ దారిలోంచి నోటితో ఊదండి, గాలి అటు రావాలి. కొన్ని చవక కవర్లలో ఆ దారిలో పోత ఇసుకో, డ్రిల్లు చెత్తో ఉండిపోతుంది. ఇవన్నీ నెగ్గితే కొనండి, ఇంటికెళ్లి పెట్రోలుతో కడిగి మరీ బిగించండి. మాగ్నెట్ కవరైతే, కాయిల్ బిగించే మరలు కూడా అక్కడే బోల్టు పెట్టి చూసుకోండి. లోపల ఆయిల్ దారి ఉన్న క్లచ్ కవరైతే మాత్రం, ఈ పరీక్షలన్నీ నెగ్గినా సరే, కంపెనీదే కొనండి.